బడి తలుపు ఎవరి కోసం?

మా చరిత్ర సార్ ఈ ఏడాది మొదట్లోనే చెప్పారు: "రాజుల గురించి పుస్తకంలో ఉంది. మీరు మాత్రం మీ జీవితానికి దగ్గరగా ఉన్న ఒక సంస్థ చరిత్ర రాయండి." మా తరగతిలో ఒకరు మార్కండేయ స్వామి గుడి గురించి, ఇంకొకరు మూతబడ్డ బట్టల మిల్లుల గురించి రాస్తామన్నారు. 1931 జనవరి 12న ఉరికంబం ఎక్కిన నలుగురు సోలాపూర్ వీరుల గురించి రాస్తామని ముగ్గురు పోటీ పడ్డారు. నా వంతు వచ్చినప్పుడు, "కేథలిక్ మగపిల్లల బడి గురించి రాస్తాను సార్" అన్నాను. అందరూ నవ్వారు. "నువ్వేమన్నా అక్కడ చదివినావా?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు.

చదవలేదు. నేను ఒకటో తరగతి నుంచి తెలుగు మీడియంలోనే ఉన్నాను. కానీ పోయిన ఎండాకాలం ఆ బడి పేరు మీద మా ఇంట్లో పది రోజులు మాటా మాటా నడిచింది. అందుకే అది నాకు దగ్గరి సంస్థే.

ఇంట్లో మొదలైన ప్రశ్న

మాది దాజీపేట దగ్గర. నాయిన అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో సాంచాల మీద టవల్ నేస్తాడు. అమ్మ బీడీలు చుడుతుంది. తమ్ముడికి ఆరేళ్ళు నిండాయి, ఒకటో తరగతిలో వెయ్యాలి. ఏప్రిల్‌లో ఒక పెళ్ళికని కాజీపేట నుంచి మా మేనమామ వచ్చాడు. మామ బ్యాంకులో పని చేస్తాడు. అన్నం తింటూ, "అక్కా, చిన్నోణ్ణన్నా ఇంగ్లీష్ మీడియంలో వెయ్యి. నేను బ్రదర్ల బడిలో చదివినందుకే ఇంతవాణ్ణయిన" అన్నాడు.

అమ్మ ఏం అనలేదు. చేటలో తునికాకు కత్తిరిస్తూనే ఉంది. తాత మాత్రం గట్టిగా అన్నాడు: "తెలుగు పోతే ఇక్కడ మనల్ని తెలుగోళ్ళని ఎవరంటరు?" తాతకు ఆ మాట అనే హక్కు ఉంది. ఆయన తండ్రి కరీంనగర్ దిక్కు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ సోలాపూర్ వచ్చినవాడు. తాత నాలుగు దాకే చదివాడు కానీ, మా పేటలో చదువు రానివాళ్ళందరి ఉత్తరాలూ తెలుగులో రాసి ఊళ్ళకు పంపించేవాడట.

రాత్రి మాడి మీద పడుకున్నప్పుడు మామను అడిగాను. "అసలు ఆ బడి ఎట్లుంటది మామా?"

మామ చాలాసేపు చెప్పాడు. కాజీపేట ఫాతిమానగర్‌లో సెయింట్ గాబ్రియేల్స్ బడి. ఉదయం గంట కొట్టే లోపల వరుసలో నిలబడాలి. తెల్లని నిలువు అంగీ వేసుకున్న బ్రదర్లు బడి ఆవరణలోనే ఉండేవాళ్ళు. వాళ్ళు పెళ్ళి చేసుకోరు, బడే వాళ్ళ ఇల్లు. సాయంత్రం పిల్లలతో పాటు ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు. వారంలో కొన్ని పీరియడ్లలో కేథలిక్ పిల్లలు మత పాఠానికి పోతే, మిగతావాళ్ళకు నీతి పాఠం ఉండేది. "మా క్లాసులో ఎక్కువ మంది మనసొంటోళ్ళే. మతం మార్చుకోమని నన్నెవరూ అడగలే. హోంవర్క్ ఎందుకు చెయ్యలేదని మాత్రం రోజూ అడిగిండ్రు" అని మామ నవ్వాడు.

నేను ఇంకోటి అడిగాను. "అక్కడ తెలుగు మాట్లాడితే?" మామ కొంచెం ఆగి చెప్పాడు. ఆయన స్నేహితుడు ఒకడు వేరే ఊళ్ళో వేరే ఇంగ్లీష్ బడిలో చదివాడట. అక్కడ తెలుగు మాట నోట్లోంచి వస్తే రూపాయి జరిమానా. ఆ స్నేహితుడు ఏడో తరగతి దాకా బడిలో దాదాపు మూగవాడిలాగే ఉన్నాడట.

ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. క్రమశిక్షణ, శుభ్రత, ఆట అన్నీ మంచివే. కానీ అమ్మ నేర్పిన మాటకు జరిమానా వేసే బడిని ఎవరు కనిపెట్టారు? సెలవుల్లో లైబ్రరీకి పోయి, మా సార్ ఇచ్చిన పుస్తకాలు చదివి వెతకడం మొదలుపెట్టాను. దొరికిన జవాబు నేను అనుకున్నదానికి సరిగ్గా ఎదురు.

లాటిన్ వద్దు, అమ్మ భాష కావాలి

ఈ కథ ఫ్రాన్స్ దేశంలో మొదలవుతుంది. 1651లో రీమ్స్ అనే పట్టణంలో ధనవంతుల ఇంట్లో జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ పుట్టాడు. చదువుకుని గురువు అయ్యాడు, అంటే చర్చిలో పూజలు చేయించే ఫాదర్. పెద్ద చర్చిలో మంచి పదవి, మంచి రాబడి ఉండేవి. ఆ కాలంలో ధనవంతుల పిల్లలకు ఇంట్లోనే పంతుళ్ళు ఉండేవాళ్ళు. చేతి పనివాళ్ళ పిల్లలు మాత్రం వీధుల్లో తిరిగేవాళ్ళు. వాళ్ళకు చదువు చెప్పే కొద్దిమంది పంతుళ్ళకు సరైన శిక్షణా లేదు, గౌరవమూ లేదు. లా సాల్ ఆ పంతుళ్ళను తన ఇంటికే తెచ్చి పెట్టుకున్నాడు. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదు. అయినా ఆయన ఆగలేదు. 1683లో పదవి వదిలేశాడు. ఆ వెంటనే వచ్చిన కరువులో తన ఆస్తి బీదవాళ్ళకు పంచిపెట్టాడు.

ఆయన కూడగట్టిన ఉపాధ్యాయులే "బ్రదర్లు". వాళ్ళు ఫాదర్లు కారు, పూజలు చేయించరు. పాఠం చెప్పడమే వాళ్ళ వ్రతం. ఈ సంఘం 1680 ప్రాంతంలో మొదలైంది. ఫీజు లేదు. అప్పటిదాకా పంతులు ఒక్కొక్క పిల్లవాణ్ణి దగ్గరికి పిలిచి చెబుతుంటే మిగతావాళ్ళు ఖాళీగా కూర్చునేవాళ్ళు. లా సాల్ ఒకే స్థాయి పిల్లలను ఒక తరగతిగా కూర్చోబెట్టి అందరికీ ఒకేసారి చెప్పించాడు. ఈ రోజు మన తరగతి గది కూడా ఆ పద్ధతిలోనే నడుస్తోంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది తర్వాతి సంగతి. ఆ రోజుల్లో చదవడం నేర్పేది లాటిన్‌లో. లాటిన్ ఎవరి ఇంట్లోనూ మాట్లాడరు, కానీ గొప్ప భాష. ఇప్పుడు మనం ఇంగ్లీష్ అన్నట్టు. లా సాల్ ఎదురు చెప్పాడు. చేతి పనివాళ్ళ పిల్లలు బడిలో ఉండేదే కొద్ది కాలం, ఆ కొద్ది కాలం అర్థంకాని భాషలో పోతే చేతికి ఏమీ రాదు, కాబట్టి మొదట ఇంట్లో మాట్లాడే ఫ్రెంచిలోనే చదవడం నేర్పాలి అన్నది ఆయన వాదం. తన బడుల్లో అలాగే చేయించాడు. డబ్బు తీసుకుని రాత నేర్పే పంతుళ్ళ సంఘం, తమ బతుకు పోతోందని ఆయన మీద కోర్టుకు కూడా పోయింది. 1719లో ఆయన చనిపోయాడు. 1950లో కేథలిక్ చర్చి ఆయనను ఉపాధ్యాయులకు రక్షక పునీతుడిగా ప్రకటించింది.

ఇది తాతకు చదివి వినిపించాను. తాత అద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఆయన సోలాపూర్ ఎప్పుడొచ్చిండ్రా?" అన్నాడు.

మన కార్డు, వాళ్ళ రూపాయి

ఫ్రాన్స్ మనకు దూరమే, కానీ సోలాపూర్‌కు అంత దూరం కాదు. మన సోలాపూర్ చాదర్ మీద నెమలి, పువ్వు ఎలా వస్తున్నాయి? జకార్డుతో. చిల్లులు కొట్టిన అట్ట కార్డులు ఏ పోగు లేవాలో, ఏది ఆగాలో మగ్గానికి చెబుతాయి. ఆ యంత్రాన్ని 1804లో తయారు చేసిన జోసెఫ్ మేరీ జకార్డు ఫ్రాన్స్‌లోని లియాన్ ఊరివాడు. లియాన్ కూడా మన ఊరిలాగే నేతగాళ్ళ ఊరు, అక్కడ నేసేది పట్టు. 1831లో అక్కడి నేతగాళ్ళు కూలి రేటు కోసం తిరగబడ్డారు కూడా.

అదే లియాన్‌లో పట్టు వ్యాపారి కూతురు పౌలీన్ జారికో ఉండేది. దూర దేశాల్లో పని చేసే మిషనరీలకు సాయం చేయాలని ఆమె పట్టు కార్ఖానాల్లో పని చేసే అమ్మాయిల దగ్గర వారానికి ఒక చిన్న నాణెం పోగు చేయించింది. పది మందికి ఒకరు వసూలు చేయాలి. అలాంటి పది గుంపులకు మళ్ళీ ఒకరు. 1822లో అది పెద్ద సంఘమైంది. ఆ చిన్న నాణేలు ప్రపంచం నలుమూలల మిషన్లకు చేరాయి. పెద్ద భవనాల వెనక జమీందార్ల డబ్బే ఉంటుందని నేను అనుకునేవాణ్ణి. పోగు పట్టిన చేతుల డబ్బు కూడా ఉందని ఇప్పుడు తెలిసింది.

తెలుగు నేల మీద కేథలిక్ బడులు పాతవే. ఐరోపాలోని ఆనెసీ పట్టణం నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు 1846లో విశాఖపట్నం వచ్చారు. మరుసటి ఏడాదే, అంటే 1847లో, అక్కడ సెయింట్ అలోషియస్ బడి మొదలైంది. హైదరాబాద్‌లో ఆల్ సెయింట్స్ బడి 1855 నాటిది. క్రికెట్ కెప్టెన్ మహమ్మద్ అజారుద్దీన్ చదివింది ఈ ఆల్ సెయింట్స్‌లోనే. తన మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టిన ఆ ముస్లిం పిల్లవాడు ఒక కేథలిక్ బడి మైదానం నుంచి వచ్చినవాడు.

మామ చదివిన బడి వీటికన్నా చిన్నది. 1952లో వరంగల్ కేథలిక్ మేత్రాసనం ఏర్పడింది, ఇటలీవారైన అల్ఫోన్సో బెరెట్టా మొదటి బిషప్ అయ్యారు. ఆ తర్వాత 1955లో కాజీపేటలో సెయింట్ గాబ్రియేల్స్ మొదలైంది. దాన్ని నడిపేది లా సాల్ సంఘం కాదు, మాంట్‌ఫర్ట్ బ్రదర్ల సంఘం. అదీ ఫ్రాన్స్‌లో పుట్టిందే. దాన్ని నిలబెట్టిన గాబ్రియేల్ దెషే అనే ఫాదర్ చెవిటి, మూగ పిల్లల చదువు కోసం చాలా పాటుపడ్డాడు. అందరూ వదిలేసిన పిల్లవాణ్ణి పిలిచి కూర్చోబెట్టడం ఈ సంఘాల మొదటి పని అని నాకు అర్థమైంది.

ఇటలీలో డాన్ బాస్కో అనే ఇంకో ఫాదర్ కథ నాయినకు బాగా నచ్చింది. ట్యూరిన్ నగరంలో పనికి వచ్చిన బీద పిల్లల కోసం ఆయన 1841లో పని మొదలుపెట్టాడు. పిల్లవాణ్ణి పనికి పెట్టుకునే యజమానితో కాగితం మీద ఒప్పందం రాయించేవాడు. తప్పు చేస్తే మాటతో చెప్పాలి కానీ కొట్టకూడదు, పని నేర్పాలి కానీ ఇంటి చాకిరీ చేయించకూడదు, పండుగ రోజు సెలవు ఇవ్వాలి అని అందులో ఉండేది. 1852 నాటి ఒప్పందం ఇంకా భద్రంగా ఉంది. నాయిన పన్నెండేళ్ళకే సాంచాల మీదికి పోయినవాడు. ఇది విని, "మాకెవరు రాయించిండ్రు గట్ల?" అని మాత్రం అన్నాడు.

ఒకే తాళం చెవి

ఇప్పుడు మన బడి సంగతికి వస్తాను. మన బడి గోడ మీద "అల్పసంఖ్యాక భాషా పాఠశాల" అని ఉంటే, అదేదో చిన్నతనం అని నేను చిన్నప్పుడు సిగ్గుపడేవాణ్ణి. పౌరశాస్త్రం చదివాక సిగ్గు పోయింది.

1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగంలో 30వ అధికరణం ఉంది. మతం వల్ల గానీ, భాష వల్ల గానీ అల్పసంఖ్యాకులైన వాళ్ళు తమకు నచ్చిన విద్యాసంస్థలు పెట్టుకోవచ్చు, నడుపుకోవచ్చు అని అది చెబుతుంది. "మతం గానీ, భాష గానీ" అన్న మాటను రెండుసార్లు చదవండి. కాజీపేట బ్రదర్ల బడి మొదటి మాట కింద నిలబడింది. సోలాపూర్ తెలుగు బడి రెండో మాట కింద నిలబడింది. రెండు తలుపులకూ తాళం చెవి ఒకటే.

అంతే కాదు. అహ్మదాబాద్‌లోని సెయింట్ జేవియర్స్ కాలేజీ, జెస్యూట్ ఫాదర్లది, గుజరాత్ ప్రభుత్వం మీద కేసు వేసింది. 1974లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం అల్పసంఖ్యాకుల సంస్థల నిర్వహణ హక్కును కాపాడింది. 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం, ఎవరు అల్పసంఖ్యాకులో రాష్ట్రాన్ని బట్టి చూడాలని చెప్పింది. తెలంగాణలో తెలుగువాడు ఎక్కువ సంఖ్యవాడు, మహారాష్ట్రలో తక్కువ సంఖ్యవాడు. అందుకే మనకు ఈ హక్కు ఉంది. అంటే ఒక కేథలిక్ కాలేజీ పోరాడి గెలిచిన కేసు మన తెలుగు బడికి కూడా గొడుగు పట్టింది.

ఇంకో రెండు అధికరణాలు కూడా చెప్పాలి. ప్రభుత్వ గుర్తింపు గానీ, సాయం గానీ పొందిన బడిలో పిల్లవాడి ఇష్టం లేకుండా, మైనర్ అయితే పెద్దల ఇష్టం లేకుండా, మత బోధనకు కూర్చోబెట్టకూడదని 28వ అధికరణం చెబుతుంది. మామకు నీతి పాఠం వేరుగా ఎందుకు ఉండేదో దీంతో అర్థమైంది. 1956లో చేర్చిన 350-ఏ, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందే ఏర్పాటు చేయాలని రాష్ట్రాలకు చెబుతుంది. లా సాల్ మూడు వందల ఏళ్ళ కింద ఒక్కడుగా చెప్పిన మాటే ఇది.

మనం నేర్చుకోవలసింది

ఇంత చదివాక ఆ బడుల్లో అన్నీ గొప్పే అని నేను అనడం లేదు. అమ్మ ఒక్క ప్రశ్న వేసింది: "అందరూ మగపిల్లలేనా? మరి ఆడపిల్లలు?" ఆడపిల్లలకు సిస్టర్లు వేరే బడులు పెట్టారని చెప్పాను. కానీ అమ్మ అడిగినదాంట్లో న్యాయం ఉంది. మా తరగతిలో లెక్కల్లో మొదటి మార్కు ఎప్పుడూ ఒక అమ్మాయిదే. ఆమె పక్క వరుసలో ఉండబట్టే మా మగపిల్లలు కొంచెమైనా చదువుతున్నారు. బీదవాళ్ళ కోసం ఫీజు లేకుండా మొదలైన బడుల వారసుల్లో కొన్నిటి ఫీజు ఇప్పుడు మా నాయిన రెండు నెలల జీతానికి మించి ఉంటుంది. ఇదీ నిజమే.

అయినా నేర్చుకోవలసినవి ఉన్నాయి. బ్రదర్‌కు ప్రతి పిల్లవాడి పేరు తెలుసని మామ చెప్పాడు. ఒకసారి మూడు రోజులు బడికి పోకపోతే, బ్రదర్ సైకిల్ మీద ఇంటికే వచ్చాడట. మన పేటల్లో పిల్లవాడు నెల రోజులు రాకపోతే, సాంచాల మీదికి పోయాడేమో అని అనుకుని ఊరుకుంటాం. నిరుడు మా తరగతి నుంచి ఇద్దరు అలాగే పోయారు. వాళ్ళ ఇంటికి మేమెవరం పోలేదు. నేనూ పోలేదు. ఒకడి ఇల్లు మా గల్లీ చివరనే. ఇది రాస్తుంటే నాకు తప్పు చేసినట్టే ఉంది.

తర్వాత తలుపు సంగతి. ఆ బడి కేథలిక్‌లది, కానీ లోపల కూర్చున్నది ఎక్కువగా మిగతావాళ్ళు. "మాది" అని పేరు పెట్టి, అందరికీ తలుపు తెరిచారు. మన బడి పద్మశాలీల పేటలో ఉంది. కానీ తెలుగు మాట్లాడే ప్రతి ఇంటి పిల్లవాడికీ ఇది తన బడి అనిపించాలి. ఆ ఇల్లు ఏ కులానిదైనా, ఏ మతానిదైనా సరే. తెలుగు నేర్చుకోవాలనుకునే మరాఠీ, కన్నడ పిల్లవాడు వచ్చినా మనం సంతోషించాలి. తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళకు రాజ్యాంగం ఇచ్చిన హక్కు తలుపు పెట్టుకోవడానికి. ఆ తలుపు ఎంత తెరవాలో మన గుణాన్ని బట్టి ఉంటుంది.

ఇంగ్లీష్ సంగతి కూడా దాచకుండా చెప్పాలి. తల్లిదండ్రులు తెలుగును కాదని పోవడం లేదు, ఇంగ్లీష్ కోసం పోతున్నారు. తెలుగు మీడియంలో ఉండి కూడా మనం ఇంగ్లీష్ మంచిగా మాట్లాడగలిగితే వాళ్ళెందుకు పోతారు? లా సాల్ మొదట అమ్మ భాష అన్నాడు కానీ, అమ్మ భాషతో ఆగిపొమ్మని చెప్పలేదు.

చివరికి ఏమైంది

మే నెలలో అమ్మ నిర్ణయం తీసుకుంది. తమ్ముణ్ణి ఇంగ్లీష్ మీడియంలోనే వేసింది. నేను ఇంత చదివి చెప్పినా అమ్మ మారలేదు. "నువ్వు చెప్పేది తప్పు కాదు బిడ్డా. కానీ రోజుకు వెయ్యి బీడీలు చుట్టే చేతులివి. వాడి గురించి నేను భయపడకుండ ఉండలేను" అన్నది. దీనికి జవాబు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

తాత రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు ఆయనే ఒక పలక కొని తెచ్చి నా ముందు పెట్టాడు. "బడి వాళ్ళిష్టం. ఇల్లు మనది గదా" అన్నాడు.

జూన్ నుంచి రోజూ రాత్రి తమ్ముడు నా దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుతున్నాడు. ఇప్పుడు గుణింతాల్లో ఉన్నాడు. మొన్న నారళీ పున్నమి రథోత్సవానికి పోయినప్పుడు, దారిలో కట్టిన ఒక గుడ్డ మీద ఉన్న తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని "మా-ర్కం-డే-య" అని గట్టిగా చదివాడు. తాత వాణ్ణి భుజం మీదికి ఎత్తుకున్నాడు. తాతకు డెబ్బై నాలుగేళ్ళు. దింపమని అమ్మ ఎంత అన్నా దింపలేదు.

మొదట్లో నవ్విన మిత్రులకు నా జవాబు ఇది. మనది కాని బడి చరిత్ర చదివితే మన బడి ఎందుకు పుట్టిందో తెలిసింది. గల్లీ చివర ఇంటికి ఈ ఆదివారం నేను పోతున్నాను. ఆ అబ్బాయి మళ్ళీ బడికి వస్తాడో లేదో తెలియదు, కానీ ఎవరో ఒకరు వచ్చి అడిగారని మాత్రం అతనికి తెలుస్తుంది.